పాడుతున్న రేడియోను ఎందుకు విప్పాలి?

పాత వాల్వు రేడియోల విషయంలో చెడు శకునం లాంటి మాట ఒకటుంది: "ఇంకా పాడుతోంది కదా!" 1950ల్లో ఫ్యూర్ట్‌లోనో విల్లింగెన్‌లోనో తయారైన గ్రుండిగ్ సెట్టో సాబా సెట్టో ఇన్ని దశాబ్దాల తర్వాత అటక దిగి వచ్చి, ప్లగ్గు పెట్టిన అరనిమిషానికి పచ్చ కన్ను తెరిచి పలికితే ఆనాటి పనితనం మీద గౌరవం పుట్టడం సహజమే. ఆ గౌరవం కొద్దీ దాన్ని అలాగే వదిలేస్తే మాత్రం దానికి అపకారం చేసినట్టే. పాడుతున్న ఆ నిమిషంలోనే లోపల ఒక వాల్వు తన తాహతుకు మించి కాగిపోతూ ఉండవచ్చు. మళ్లీ దొరకని ట్రాన్స్‌ఫార్మరు ఒకటి దానితోపాటు ఉడుకుతూ ఉండవచ్చు. వాల్వు రేడియోను బాగుచేయడమంటే, నా దృష్టిలో, దాని నడతను నిలబెట్టడానికి దాని ఒంట్లోని కొంత పదార్థాన్ని తెలిసి తెలిసి వదులుకోవడం. ఏది వదులుకోవాలి, దేన్ని చచ్చినా ముట్టుకోకూడదు అన్న విచక్షణలోనే ఈ విద్య అంతా ఉంది. టంకం వేయడానిదేముంది, నాలుగు రోజులు కూర్చుంటే ఎవరికైనా వస్తుంది.

ముందు సాక్ష్యం చూద్దాం. ఆ కాలపు జర్మన్ సెట్లలో చాలావాటికి వాల్వుల వరస ఇంచుమించు ఒకటే. ఎఫ్‌ఎం ముందు భాగానికి ఈసీసీ85, తర్వాత ఈసీహెచ్81, ఈఎఫ్89, ఈఏబీసీ80, చివర స్పీకరును మోసే ఈఎల్84, స్టేషను కుదిరిందో లేదో చూపే పచ్చ కన్నుకు ఈఎం80. ఈఏబీసీ80లోని చిన్న ట్రయోడ్ పెంచిన ధ్వనిని ఈఎల్84 గ్రిడ్డుకు చేరవేసేది ఒక కాగితపు కెపాసిటరు, మన ఊళ్లలో పాత మెకానిక్కుల నోట కండెన్సరు. పాటను పోనిచ్చి డీసీని ఆపడం దాని ఉద్యోగం. దానికి ఒకవైపు వంద వోల్టుల దాకా డీసీ ఉంటుంది. రెండోవైపున్న గ్రిడ్డు, కేథోడు కన్నా ఏడు వోల్టుల చిల్లర కింద ఉండాలి. ప్లేటు మీద 250 వోల్టులు ఉన్నప్పుడు ఈఎల్84కు తయారీదారులు ఇచ్చిన లెక్క మైనస్ 7.3 వోల్టులు, 48 మిల్లీయాంపులు. గుణించి చూడండి, 12 వాట్లు. ఆ వాల్వు ప్లేటు తట్టుకోగల గరిష్ఠమూ 12 వాట్లే. అంటే ఫ్యాక్టరీ గేటు దాటిన రోజునే అది హద్దు మీద నిలబడి పనిచేస్తోంది, పక్కకు జరగడానికి చోటు లేదు. ఇక ఆ కెపాసిటరులోని కాగితం ఇన్నేళ్ల తేమ పీల్చి, దాని నిరోధం 20 మెగోములకు పడిపోయిందనుకుందాం. వినడానికి అది చాలా పెద్ద అంకె. చవక మీటరు పెడితే బాగానే ఉందని చెప్పినా చెబుతుంది. కానీ గ్రిడ్డు నుంచి చాసిస్‌కు ఉండే నిరోధం ఒక మెగోము అనుకుంటే, వంద వోల్టులను ఇరవై ఒక్క వాటాలు వేసి అందులో ఒక వాటా గ్రిడ్డు మీదికి వచ్చి కూర్చుంటుంది. దాదాపు ఐదు వోల్టులు! ఉండాల్సిన ఏడు వోల్టుల రుణంలో మూడింట రెండు వంతులు అక్కడే హరించుకుపోయాయి. కేథోడు దగ్గర నిరోధం పెట్టిన సెట్లలో ఈ దెబ్బ కొంత తగ్గి తగులుతుంది. మైనస్ వోల్టేజిని వేరే దారిలో తెచ్చి ఇచ్చిన సెట్లలో పూర్తిగా తగులుతుంది. కరెంటు ఎగబాకి ప్లేటు కందిపోతుంది. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరులోని వెంట్రుకంత తీగ వేడెక్కుతుంది. ఇంత జరుగుతున్నా రేడియో మాత్రం పాడుతూనే ఉంటుంది. గొంతు కాస్త బొంగురుపోతుందేమో గానీ, పాత రేడియో కదా, అలాగే ఉంటుందిలే అని మనమే సర్దిచెప్పుకుంటాం.

అందువల్ల పలకడాన్ని ఆరోగ్యానికి రుజువుగా తీసుకోకూడదు. ఈ కాగితపు కెపాసిటర్ల గురించి జర్మనీలో ఈ పని చేసేవాళ్లకు భ్రమలేమీ లేవు. వీమా వారి ఆనాటి ట్రోపీడుర్ కెపాసిటర్లను వాటి గోధుమరంగు చూసి మాల్ట్ మిఠాయిలని వెక్కిరిస్తారు. ఉష్ణదేశాల తేమను కూడా తట్టుకుంటుందని తోపించే పేరు పెట్టుకున్న సరుకు జర్మనీలోని బ్లాక్ ఫారెస్ట్ చలికే పగుళ్లిచ్చింది. ఒకటి పాడై పక్కది బాగుండటం అరుదు గనుక, కాగితానివన్నీ ఒకేసారి తీసేసి ప్లాస్టిక్ పొర కెపాసిటర్లు వేయడమే రివాజు. ఏసీ కరెంటును డీసీగా మార్చే సెలీనియం పలకల సంగతీ అంతే. వయసుతో వాటిలో వోల్టేజి జారిపోతుంది, మాడితే విషపు వాసన కొడుతుంది. వాటి చోట సిలికాన్ డయోడ్లు పెడతారు. కానీ సిలికాన్‌లో వోల్టేజి దాదాపు పడదు గనుక, వరసలో ఒక నిరోధం కూడా పెట్టకపోతే సెట్టుకు కావాల్సినదానికన్నా ఎక్కువ వోల్టేజి అందుతుంది. సెలీనియం బలహీనతను కూడా లెక్కలో వేసుకునే ఆనాటి ఇంజినీరు మిగతా సెట్టును గీశాడు. ఆ బలహీనతను తీసేసినవాడు దాని లెక్కను తిరిగి పెట్టాలి. ఇలాంటిదే ఇంకో చిన్న సంగతి ఉంది. ఆ సెట్లు 220 వోల్టుల కాలానివి, ఇప్పుడు జర్మనీలోనూ మన దగ్గరా గోడలో ఉన్నవి 230. వెనుక వోల్టేజి మార్చే మీట ఉండి, దానికి 240 గుర్తు ఉంటే అక్కడ పెట్టడం మంచిది. రూపాయి ఖర్చు లేని ఈ పని చేయకుండా వేల రూపాయల వాల్వులు కొని పెట్టేవాళ్లున్నారు.

ఇన్ని మార్చాక మిగిలినదాన్ని పాత రేడియో అని ఎలా అంటాం అని అడగవచ్చు. నా జవాబు ఏమిటంటే, మార్చినవాటిలో ఆ రేడియోను చేసిన మనిషి ఆలోచన లేదు. కాగితపు కెపాసిటర్లు, ఎలక్ట్రోలైటిక్ డబ్బాలు కంపెనీలు బయటినుంచి టోకున కొని తెచ్చి బిగించిన సరుకు. పది నానోఫారడ్ల విలువ అక్కడ ఉండాలన్నది ఇంజినీరు నిర్ణయం. దాన్ని ఏ ముడిపదార్థంతో చేశారన్నది ఆనాటి బజారు నిర్ణయం. విలువను నిలబెట్టి పదార్థాన్ని మార్చినవాడు ఆ ఇంజినీరు మాట తప్పలేదు. దీనికి సరిగ్గా ఎదురుగా ఉండేవి, సెట్టు లోపలి మధ్యస్థ ఫ్రీక్వెన్సీకి శ్రుతి చేసిన ఐఎఫ్ కాయిల్స్. రేకు డబ్బాల్లో ఉండే ఈ కాయిల్స్ నడుమ మైనంతో అతికించిన చిన్న ఫెరైట్ మరలుంటాయి. ఎఫ్‌ఎంకు 10.7 మెగాహెర్ట్జ్ దగ్గర, మీడియం వేవుకు 460 కిలోహెర్ట్జ్ దాపుల్లో వాటిని ఫ్యాక్టరీలో పరికరాలు పెట్టి సరిచేసి సీలు వేశారు. స్టేషను సరిగ్గా రాలేదని స్క్రూడ్రైవరు పెట్టి వాటిని తిప్పడం కన్నా పెద్ద పాపం ఈ విద్యలో లేదు. నూటికి తొంభై సెట్లలో తప్పు అక్కడ ఉండదు, తిప్పాక మాత్రం తప్పకుండా అక్కడ ఉంటుంది. పైగా ఆ మర తిరిగితే పోయేది ఒక కొలత. అది ఏ దుకాణంలోనూ దొరకదు. చెక్కపెట్టె మీది వార్నిషు కూడా ఈ జాబితాలోనే చేరుతుంది. ఆనాటి వాల్‌నట్ పొర కాగితంలా పల్చగా ఉంటుంది. ఉప్పుకాగితం పెట్టి రుద్ది, మెరుగు పెట్టి, బంగారు రంగు పట్టీలకు కొత్త పూత పూసి, లోపల మాత్రం మాల్ట్ మిఠాయిలను అలాగే ఉంచి అమ్మే సెట్లు బజారులో కొల్లలు. పైన పటారం లోన లొటారం అని మనవాళ్లు ఊరికే అనలేదు.

ఇంత శ్రద్ధకు ఆ సెట్లకున్న అర్హత ఏమిటన్నది తర్వాతి ప్రశ్న. దీనికి చరిత్రలోకి వెళ్లాలి, కొంచెం నిదానంగానే వెళ్లాలి. యుద్ధంలో ఓడి, నాలుగు సైన్యాల కింద ఉన్న జర్మనీకి 1948లో కోపెన్‌హాగెన్‌లో జరిగిన రేడియో పంపకాల సమావేశంలో మాట్లాడే హక్కే లేకపోయింది. 1950 మార్చిలో ఆ పంపకం అమల్లోకి వచ్చేసరికి దానికి మిగిలిన మీడియం వేవ్ స్థానాలు బహు తక్కువ, ఉన్నవీ నాసిరకానివి. దేశానికి వినిపించాలంటే వేరే దారి వెతుక్కోవాల్సి వచ్చింది. ఆ దారే ఎఫ్‌ఎం. 1949 ఫిబ్రవరి చివరి రోజున మ్యూనిక్, ఆ మర్నాడే హానోవర్ ఎఫ్‌ఎం ప్రసారం మొదలుపెట్టాయి. అమెరికాలో పుట్టినా అక్కడ అప్పటికింకా తడబడుతున్న ఎఫ్‌ఎంను జర్మనీ గతిలేక పట్టుకుని పదేళ్లలో ఇంటింటి వస్తువుగా మార్చింది. ఎఫ్‌ఎంలో గరగర లేదు, పై స్వరాలు తెగిపోవు. మీడియం వేవు కోసం చేసిన చిన్న స్పీకరు, చిన్న పెట్టె దానికి చాలవని జనానికి చెవులతోనే తెలిసిపోయింది. దాంతో పెట్టెలు పెరిగాయి, ముందువైపు కోలగా పెద్ద స్పీకరు, పక్కలకు చిన్న స్పీకర్లు వచ్చి చేరాయి, త్రీడీ ధ్వని అని పేరూ పడింది. దంతపు రంగు పియానో మెట్ల వంటి మీటలు, వాటిలో కొన్ని బ్యాండ్లు మార్చడానికి, కొన్ని ఆర్కెస్ట్రా, జాజ్, మాట అని ధ్వని తీరు మార్చడానికి. సాబా వారి ఫ్రైబుర్గ్ ఆటోమాటిక్‌లో ఒక మోటారు తనంతట తానే స్టేషను వెతికి ముల్లును అక్కడ నిలబెట్టేది. ఇదంతా కేవలం ఆడంబరమని కొట్టిపారేసేవాళ్లున్నారు. కొంత ఆడంబరం ఉన్న మాట నిజమే, ఆ బంగారు పట్టీలు సంగీతానికేమీ చేయవు. కానీ ఆ సెట్ల మధ్యలో ఉన్న సర్క్యూటు ఒక దేశపు ఇరుకు పరిస్థితికి ఇంజినీర్లు ఇచ్చిన జవాబు. గ్రుండిగ్ కథే చూడండి. 1946లో పూర్తి రేడియో అమ్మడానికి సవాలక్ష ఆంక్షలుంటే, మాక్స్ గ్రుండిగ్ వాల్వులు లేని రేడియో భాగాలను ఒక పెట్టెలో సర్ది, హైన్‌ట్సెల్‌మన్ అన్న పేరుతో, పిల్లల ఆటవస్తువు లెక్కన అమ్మాడు. వాల్వు ఎక్కడో సంపాదించుకుని ఇంట్లో బిగించుకుంటే అది రేడియో. జర్మనీలోనే అతి పెద్ద రేడియో కంపెనీల్లో ఒకటి అలా మొదలైంది. కొన్నవాడే విప్పి బిగించుకోవాలన్న ఏర్పాటు ఆ వ్యాపారపు పుట్టుకలోనే ఉందన్నమాట.

విప్పి బిగించడానికి కావాల్సిన సమాచారమూ అంతే ఉదారంగా ఉండేది. కొన్ని సెట్లలో సర్క్యూటు పటాన్ని పెట్టె లోపలే అంటించేవారు. మెకానిక్కులకిచ్చే పటాల మీద ఏ వాల్వు ఏ కాలి దగ్గర ఎన్ని వోల్టులుండాలో అంకెలు వేసేవారు. తూర్పు జర్మనీలో లాంగె, నోవిష్ అనే ఇద్దరు అన్ని కంపెనీల పటాలనూ సంపుటాలుగా కూర్చారు. వాల్వు పేరే దాని జాతకం చెబుతుంది: ఈ అంటే ఫిలమెంటుకు 6.3 వోల్టులు, సీ అంటే ట్రయోడ్, ఎఫ్ అంటే పెంటోడ్, ఎల్ అంటే స్పీకరును నడిపే పెంటోడ్, ఎం అంటే పచ్చ కన్ను. కంపెనీ ఏదైనా పేరు ఒకటే, ఫిలిప్స్ చేసిన ఈఎల్84 తీసి టెలీఫుంకెన్ చేసినది పెట్టవచ్చు. నా వాదనకు ఇది చాలా ముఖ్యమైన ఆధారం. రేడియో "నడత" అని నేను పైన అన్నది ఊహాగానమైతే ఈ వాదన నిలబడదు, ఎవరికి తోచినట్టు వాళ్లు మార్చి, ఇదే అసలు నడత అని చెప్పుకుంటారు. కానీ ఇక్కడ నడతను చేసినవాడే అంకెల్లో రాసిపెట్టాడు. పటంలో 240 అని ఉన్నచోట మీటరు 240 చూపిస్తే బాగుచేయడం అయింది, 190 చూపిస్తే ఇంకా అవలేదు. రుచికీ అభిమానానికీ అక్కడ చోటు లేదు.

కట్టడాల సంరక్షణకు 1964లో రాసుకున్న వెనిస్ ఒడంబడిక కూడా ఊహ మొదలైన చోట పునరుద్ధరణ ఆగిపోవాలనే చెబుతుంది. అందులోనే ఇంకో నియమముంది. కొత్తగా పెట్టిన భాగం పాతదానితో కలిసిపోవాలి, అయినా ఇది కొత్తదని చూస్తే తెలియాలి. మన ఆగమాల్లోని జీర్ణోద్ధరణ వేరే తోవలో నడుస్తుంది. అక్కడ రాయి మారవచ్చు, గోపురం మారవచ్చు, భిన్నమైతే మూర్తి కూడా మారవచ్చు. ఆగకూడనిది ఆరాధన. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునగబోయిన కూడలి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయీ విప్పి అలంపురంలో తిరిగి కట్టినప్పుడు పురావస్తు పద్ధతే పాటించారు, రాళ్లు అవే గనుక గుడి అదే అన్నారు. రేడియో విషయంలో నేను ఆగమం పక్షం, కానీ వెనిస్ నియమం ఒకటి అరువు తెచ్చుకుంటాను. ఎందుకంటే జర్మనీలోనూ ఇతర చోట్లా చాలామంది నిపుణులు పాత కెపాసిటరు గొట్టాన్ని తొలిచి, లోపలి కాగితం తీసేసి, కొత్తది చిన్నది అందులో దూర్చి, చివర్లు మైనంతో మూస్తారు. వెనుక అట్ట తీసి చూసినా 1956 నాటి సెట్టే కనిపిస్తుంది. ఆ పనితనానికి నమస్కారం. అయినా ఆ పని నాకు మింగుడుపడదు. తర్వాత ఈ సెట్టు విప్పేవాడికి అది అబద్ధం చెబుతుంది. అతను బాగున్న కెపాసిటర్లను పాతవనుకుని తీసి పారేస్తాడు, లేదా పాతవి ఇన్నేళ్లు తట్టుకున్నాయని ఒక తప్పుడు నిర్ధారణకు వస్తాడు. కొత్తది కొత్తదిగానే కనబడనీయండి. తీసినవాటిని ఒక సంచిలో వేసి పెట్టె అడుగున ఉంచితే చరిత్రకూ లోటు ఉండదు.

ఇక్కడ మ్యూజియం పక్షం నుంచి గట్టి అభ్యంతరమే వస్తుంది. ఊరుకున్నంత ఉత్తమం లేదన్న సామెతను శాస్త్రంగా మార్చితే అది వాళ్ల వాదన. ప్రతి కెపాసిటరూ ఒక సాక్ష్యం, దాని మీది తేదీ ముద్ర, టంకపు తీరు, తీగ చుట్టిన పద్ధతి రేపటి పరిశోధకుడికి ఏం చెబుతాయో మనకు ఈ రోజు తెలియదు, కాబట్టి ముట్టుకోకండి, మూగగానే ఉండనివ్వండి అంటారు. ఫ్యూర్ట్‌లో గ్రుండిగ్ పాత కార్యాలయ భవనంలోనే ఇప్పుడు రేడియో మ్యూజియం ఉంది. అలాంటి చోట అద్దాల వెనుక ఉన్న సెట్టును పాడించాలని పట్టుబట్టడం తెలివి కాదు. ఒకటి రెండే మిగిలిన నమూనాలు, 1920ల నాటి తొలి సెట్లు, ఫ్యాక్టరీలో ప్రయోగానికి చేసినవి, వీటి విషయంలో మ్యూజియం మాటే చెల్లాలి. ఈ అభ్యంతరంలో నేను ఒప్పుకోనిది దాన్ని అన్నిటికీ వర్తింపజేయడం. లక్షల్లో తయారైన సరుకు ఇది. ఒకే నమూనా సెట్లు వందల అటకల మీద ఉన్నాయి, వాటిలో కొన్ని చెదలకూ చెత్తబండికీ పోతున్నాయి. కొన్ని చెక్కుచెదరకుండా మ్యూజియాల్లో ఉంటే చాలు, మిగతావి ఇళ్లలో పనిచేయాలి. పైగా మూగగా ఉంచడం వల్ల సాక్ష్యమంతా భద్రమని అనుకోవడమూ పొరపాటే. ఎఫ్‌ఎం మీట నొక్కినప్పుడు వచ్చే నిశ్శబ్దం మీడియం వేవుతో పోలిస్తే ఎంత తేడాగా ఉంటుందో, పచ్చ రెక్కలు దగ్గరికి వచ్చే వరకు ముల్లు తిప్పడంలో చేతికి ఏం తెలుస్తుందో, తక్కువ సౌండులోనూ మంద్రస్వరం ఎలా నిలుస్తుందో, ఇవి పటంలో చదివితే సగమే అర్థమవుతాయి.

ధ్వని మాట వచ్చింది గనుక రెండో అభ్యంతరం కూడా తేల్చేద్దాం. ఇది ఎదుటి పక్షం నుంచి కాక నా పక్షం వాళ్ల నుంచే వస్తుంది. వాల్వులో ఏదో మహత్తు ఉందని, దాని "వెచ్చని" స్వరం ట్రాన్సిస్టరుకు రాదని వాళ్లు నమ్ముతారు. ఆ స్వరం నిజమే, కారణం మాత్రం వేరు. పెద్ద కోల స్పీకరు, వెనుక తెరిచి ఉన్న చెక్కపెట్టె, సౌండు తగ్గించినప్పుడు మంద్రాన్ని ఎత్తిపట్టేలా నడుమ నడుమ తీగలు తీసిన వాల్యూమ్ కంట్రోలు, చివరి దశ నుంచి వెనక్కి తిప్పిన ఫీడ్‌బ్యాకు, ఇన్ని కలిసి చేసిన పని అది. మనిషి చెవి తక్కువ సౌండులో మంద్రస్వరాలను సరిగా పట్టుకోదని తెలిసి, ఆ లోటును పూడ్చిన ఇంజినీరు ప్రతిభను ఒక గాజుబుడ్డి ఖాతాలో వేయడం అన్యాయం. ఈ భ్రమ వల్ల ఒక మేలు మాత్రం జరిగింది. గిటారు ఆంప్లిఫయర్లు వాడేవాళ్లు కూడా అదే నమ్మకంతో కొనడం వల్ల ఈఎల్84 ఇప్పటికీ రష్యాలో, స్లొవేకియాలో కొత్తగా తయారవుతోంది. ఈఎం80కి అలాంటి అదృష్టం పట్టలేదు, ఆ పచ్చదనం వాడినకొద్దీ వెలిసిపోతుంది, పాత నిల్వలున్నంత వరకే కొత్తది. ఇక ఫోనుకూ బ్లూటూత్ స్పీకరుకూ ఉన్న సుఖం దీనికి లేదని, యాభై వాట్ల కరెంటు తాగుతుందని అనేవాళ్లతో నాకు తగాదా లేదు. వాళ్లు చెప్పింది నిజం. చవగ్గా పాటలు వినడానికి ఈ పని ఎవరూ చేయరు.

దీనికన్నా నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టే అభ్యంతరం వేరే ఉంది. జర్మన్ వాల్వు రేడియో అనగానే గ్రుండిగ్ కన్నా ముందు గుర్తుకు రావాల్సినది ఫోక్స్‌ఎంఫెంగర్. 1933 ఆగస్టులో బెర్లిన్ ప్రదర్శనలో వచ్చిన ఆ 'ప్రజల రేడియో' నమూనా సంఖ్య 301, హిట్లర్ గద్దెనెక్కిన జనవరి 30కి గుర్తుగా పెట్టినది. వెల 76 మార్కులు. తర్వాత 1938లో వచ్చిన చిన్న సెట్టు 35 మార్కులే. జనం దాన్ని చాటుగా, హిట్లర్ ప్రచార మంత్రి పేరుతో, గోబెల్స్ మూతి అనేవారు. ప్రతి ఇంటికీ ఒకే గొంతు చేరాలని చేసిన వస్తువు అది. 1939 సెప్టెంబరు నుంచి విదేశీ స్టేషను వినడమే నేరమైంది. అలాంటిదాన్ని ముద్దుగా తుడిచి, కెపాసిటర్లు మార్చి, మళ్లీ పాడించడం ఏమిటని అడిగితే వెంటనే నోరు పెగలదు. అయినా, ఆ సెట్టును విప్పితేనే తెలిసే విషయం ఒకటుంది. అది రెండు వాల్వుల సాదా సర్క్యూటు, మూడోది కరెంటు మార్చడానికి. దగ్గరి స్టేషను గట్టిగా పలుకుతుంది, దూరపు స్టేషను కావాలంటే రాత్రి కూర్చుని ఓపికగా మీట సవరించాలి. తొలి నమూనా డయల్ మీద ఊళ్ల పేర్లు లేవు, ఒట్టి అంకెలే. చౌకదనం కోసం చేసినది ఎక్కడ ఆగింది, ఏలినవారికి అనుకూలించింది ఎక్కడ మొదలైంది అన్నది పుస్తకం చదివి తేల్చుకోవడం ఒకటి, మీట తిప్పుతూ తేల్చుకోవడం ఒకటి. విదేశీ స్టేషను దానిలో కష్టం మీద వచ్చేదే గానీ రాకపోలేదని, అందుకే నేరమని చట్టం చేయాల్సి వచ్చిందని పాడే సెట్టు నిరూపిస్తుంది, మూగ సెట్టు నిరూపించదు. కాబట్టి దాన్నీ బాగుచేయాలి. అలంకారంగా డ్రాయింగు రూములో పెట్టడం మాత్రం నాకు సమ్మతం కాదు.

ఇక మిగిలింది ఈ విద్యకు సమాధానం లేని లోటు. సెట్టు సగమే రేడియో, మిగతా సగం ఎక్కడో ఉన్న ట్రాన్స్‌మిటరు. దాన్ని ఏ మెకానిక్కూ బాగుచేయలేడు. 1950ల డయల్ గాజు మీద బేరోమున్‌స్టర్, హిల్వర్సమ్, లక్సెంబర్గ్, మోంటే చెనేరి అని ఐరోపా పటమంతా ముద్రించి ఉంటుంది. బేరోమున్‌స్టర్ మీడియం వేవు 2008 చివర మూగబోయింది. జర్మన్ జాతీయ స్టేషను డాయిచ్‌లాండ్‌ఫుంక్ 2014తో లాంగ్ వేవునూ, 2015తో మీడియం వేవునూ ముగించింది. లక్సెంబర్గ్ లాంగ్ వేవు 2023 మొదటి రోజుకు ఆగిపోయింది. ముల్లు ఊళ్ల మీదుగా వెళుతుంది గానీ పగటిపూట దాదాపు ఏ ఊరూ పలకదు. అందుకని కొందరు ఇంట్లోనే వేలెడంత ట్రాన్స్‌మిటరు పెట్టుకుని, తమకు నచ్చిన పాత పాటలు మీడియం వేవు మీద తమ సెట్టుకే పంపుకుంటారు. సరదాగా ఉంటుంది, తప్పూ లేదు. కానీ అప్పుడది రేడియో కాదు, స్పీకరు. ఎవరో మనకు తెలియనివాళ్లు ఎంచి పంపినదాన్ని విని ఊరుకోవడమో మీట తిప్పడమో రేడియో పని. ఇందులో ఉన్న వింత ఏమిటంటే, 1950లో మీడియం వేవు దక్కక గతిలేక పెట్టుకున్న ఎఫ్‌ఎం మీట ఒక్కటే ఈ రోజు ఆ సెట్లను వాటి సొంతగడ్డ మీద బతికిస్తోంది. ఆ మీట ఆయుష్షు కూడా ఎంతో చెప్పలేం. నార్వే జాతీయ స్టేషన్లు 2017లోనే ఎఫ్‌ఎం వదిలేశాయి, స్విస్ జాతీయ రేడియో 2024 చివర వదిలేసింది.

అదే సెట్టు మన దగ్గరకు వస్తే లెక్క తిరగబడుతుంది. జర్మనీలో దండగైన మీడియం వేవు మీటకు ఇక్కడ 738 కిలోహెర్ట్జ్ దగ్గర హైదరాబాద్, 837 దగ్గర విజయవాడ ఉన్నాయి. డయల్ మీద ఆ చోట ఏ జర్మన్ ఊరి పేరో ఉంటుంది, తెలుగు వార్తలు పలుకుతాయి. ఎఫ్‌ఎం దగ్గర మాత్రం చిక్కు. 1950ల సెట్లలో ఎఫ్‌ఎం డయల్ 100 మెగాహెర్ట్జ్‌తో ఆగిపోతుంది. హైదరాబాదులో ప్రైవేటు స్టేషన్లు కొన్ని ఆ లోపే దొరుకుతాయి గానీ, ఆకాశవాణి రెయిన్‌బో 101.9 మీద, వివిధ భారతి 102.8 మీద, గీత దాటి రెండు మూడు అడుగుల అవతల ఉన్నాయి. డయల్ మీద ఏ స్టేషను ఎక్కడ పలకాలో తేల్చే ఆసిలేటరు ట్రిమ్మరును కొద్దిగా సవరిస్తే అవి లోపలికి వస్తాయి, అటు చివర 87 నుంచి 90 దాకా పోతుంది, అక్కడ మనకు పోయేదీ పెద్దగా లేదు. సీలు వేసిన మరలు ముట్టుకోవద్దని పైన అంత గట్టిగా చెప్పినవాడు దీనికి ఒప్పుకోవచ్చా? ఐఎఫ్ కాయిల్స్ జోలికి పోనంత వరకు ఒప్పుకోవచ్చనే నా అభిప్రాయం. ఐఎఫ్ మర తిరిగితే ఒక కొలత పోతుంది. ఆసిలేటరు సవరణను పరికరాలున్నవాడు మళ్లీ వెనక్కి తేగలడు, అందుకు గాజు మీది అంకెలే కొలబద్ద. ఆ అంకెలు ఇకనుంచి మూడు మెగాహెర్ట్జ్ తేడాగా చెబుతాయి, గాజు మీద కొత్త అంకెలు రాయకూడదు. ట్రిమ్మరు మొదట ఏ స్థానంలో ఉందో గుర్తుపెట్టి, ఏ తేదీన ఎంత జరిపామో ఒక చీటీ మీద రాసి, తీసిన కెపాసిటర్ల సంచితోపాటు పెట్టె అడుగున ఉంచాలి.